సగం బొమ్మతో సర్దుకుపోవద్దు

మన ఇళ్లలో పిల్లలకి చిన్నప్పటి నుంచీ సర్దుకుపోవడం నేర్పుతారు. మనుషుల మధ్య అది నిజంగానే గొప్ప గుణం. కష్టార్జితం పోసి తెచ్చుకున్న పనిముట్టు దగ్గర కూడా సర్దుకుపోతే మాత్రం నష్టపోయేది మనమే. ఈ అధ్యాయంలో ఒక్క వస్తువుని పట్టుకుని ఆ సంగతి మాట్లాడుకుందాం. అది కంప్యూటర్‌కి తగిలించుకునే వెడల్పాటి మానిటర్. షాపుల్లో అల్ట్రావైడ్ అంటారు. పెట్టె మీద 3440 × 1440 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఇంటికి తెచ్చి తగిలిస్తే బొమ్మ 1920 × 1080 దగ్గర ఆగిపోతుంది. లేదా అటూ ఇటూ నల్లటి పట్టీలు వచ్చి కూర్చుంటాయి. కొన్నవాళ్లు ఒకటి రెండు రోజులు చిరాకు పడతారు. ఆ తర్వాత కళ్లు అలవాటు పడిపోతాయి. నన్ను బాధపెట్టేది ఆ అలవాటే.

మన అనకాపల్లిలో ఈ తెరలు ఎవరికి పనికొస్తాయని అడగొచ్చు. చాలామందికే. 2020లో లాక్‌డౌన్ మొదలయ్యాక హైదరాబాద్, బెంగళూరు నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికి వచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లల్లో కొందరు ఇప్పటికీ ఇక్కడి నుంచే పని చేసుకుంటున్నారు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రం అయింది, దానితో పాటు ఆఫీసులూ వచ్చాయి. ఇక బెల్లం వ్యాపారం ఎలాగూ ఉంది. తేదీ, రైతు పేరు, దిమ్మల రకం, తూకం, రేటు, కమిషన్, కూలీ, లారీ బాడుగ, బాకీ అని గళ్లు గీసుకుంటూ పోతే ఎక్సెల్ పట్టిక పక్కకి సాగుతూనే ఉంటుంది. మామూలు 1920 పిక్సెళ్ల తెర మీద ఎక్సెల్ తెరిచినప్పుడు ఒక్కో నిలువు గడి 64 పిక్సెళ్లు తీసుకుంటుంది కాబట్టి సుమారు 29 గళ్లు కనబడతాయి. 3440 పిక్సెళ్ల తెర మీద 53 దాకా కనబడతాయి. రైతు పేరు ఒక చివర, బాకీ మరో చివర ఒకేసారి కంటి ముందు ఉంటే, పక్క వరసలోని అంకె పొరపాటున ఎత్తి రాసే ప్రమాదం బాగా తగ్గుతుంది.

అందరికంటే ఎక్కువ లాభం పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియోలకి. మన దగ్గర ఆల్బమ్ షీటు ఎక్కువగా 12 × 36 అంగుళాలది. అంటే ఎత్తుకి మూడు రెట్లు వెడల్పు. మామూలు తెర మీద ఆ షీటు తెరిస్తే మధ్యలో సన్నటి పట్టీలా కనబడి, పైనా కిందా తెర ఖాళీగా ఉండిపోతుంది. వెడల్పు తెర మీద అదే షీటు దాదాపు రెట్టింపు సైజులో నిలబడుతుంది. కాబట్టి నెహ్రూ చౌక్ దగ్గర మీకొక స్టూడియో ఉందనీ, 34 అంగుళాల తెర తెచ్చారనీ అనుకుందాం. తగిలించారు. పెళ్లి ఫొటో తెరిచారు. ఏదో తేడా కొడుతోంది. పక్కన కూర్చున్న కుర్రాడు, "బొమ్మొచ్చింది కదేటన్నా, ఇంకేటి?" అంటాడు.

పెళ్లికూతురి నుదుటి బొట్టు వైపు చూడండి. గుండ్రంగా ఉండాల్సిన కుంకుమబొట్టు అడ్డంగా సాగి కోడిగుడ్డులా ఉందా? ఉంటే తెర తన అసలు రిజల్యూషన్‌లో నడవడం లేదు. 1920 × 1080 బొమ్మని 3440 × 1440 తెర నిండా సాగదీస్తే ప్రతి మనిషీ మూడో వంతు లావెక్కిపోతారు. సాగదీయకుండా నిష్పత్తి కాపాడితే లావు ఎక్కరు గానీ, అటూ ఇటూ 440 పిక్సెళ్ల చొప్పున నల్లటి పట్టీలు మిగులుతాయి. రెండింటిలో ఏది జరిగినా మీరు డబ్బు పెట్టిన వెడల్పు మీకు అందడం లేదు.

ఇది మన తెలుగువాళ్లకి కొత్త సంగతేమీ కాదు. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం కృష్ణ నటించిన అల్లూరి సీతారామరాజు. 1974లో వచ్చింది, నర్సీపట్నం దాటి వెళ్లే చింతపల్లి అడవుల్లో తీశారు. సినిమాస్కోప్‌లో కెమెరా ముందున్న లెన్సు వెడల్పాటి దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ము మీద పడేస్తుంది. థియేటర్లో ప్రొజెక్టర్‌కి దాన్ని మళ్లీ విప్పే లెన్సు తగిలించాలి. ఆ లెన్సు లేకుండా వేస్తే తెర మీద మనుషులు వెదురు బొంగుల్లా సన్నగా, పొడుగ్గా కనబడతారు. తీసినవాళ్ల పనిలో లోపం లేదు, ఫిల్ములో లోపం లేదు, తెరలో లోపం లేదు. దారిలో ఒక్క చోట సరిపడని సామాను ఉంది, అంతే. మీ మానిటర్ సంగతీ సరిగ్గా ఇదే. ఈ తెరల నిష్పత్తి కూడా ఆ సినిమాస్కోప్‌కి దగ్గరగానే ఉంటుంది. ఎత్తు ఒకటైతే వెడల్పు సుమారు 2.4.

బొట్టు బాగానే ఉండి అనుమానం మాత్రం తీరకపోతే తెలుగు అక్షరాలు చూడండి. శుభలేఖ ఫైలు తెరిచి, సైజు పెంచకుండా చదవండి. థకారం పొట్టలోని చుక్క విడిగా కనబడుతోందా? గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలుస్తోందా? కింద ఒత్తులు అలుక్కుపోయాయా? ఇంగ్లిష్ అక్షరాల్లో పెద్దగా తెలియని మసక మన గుండ్రటి లిపిలో వెంటనే బయటపడుతుంది. పిల్లవాడి పేరులో దీర్ఘం తప్పుపోయి ఐదు వందల కార్డులు అచ్చయితే ఆ నష్టం మానిటర్ ఖరీదులో లెక్కకి రాదు గానీ, మీ జేబులోంచే పోతుంది.

లెక్క కోట్లలో ఉంది

ఎక్కడ ఆగిపోతోందో పట్టుకోవాలంటే ఒక చిన్న లెక్క రావాలి. ఇది వస్తే షాపులో ఎవరూ మిమ్మల్ని మాటలతో మభ్యపెట్టలేరు.

3440ని 1440తో గుణిస్తే 49 లక్షల 53 వేల 600 పిక్సెళ్లు. తెర సెకనుకి 60 సార్లు బొమ్మ మారుస్తుంది, అదే 60 హెర్ట్జ్. అంటే సెకనుకి 29 కోట్ల 72 లక్షల పిక్సెళ్లు. ఒక వరస అయిపోయి ఇంకో వరసకి మళ్లే చోట సిగ్నల్‌లో కొంత ఖాళీ వ్యవధి కూడా ఉంటుంది. అదీ కలిపితే సుమారు 32 కోట్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఈ పిక్సెళ్లని మోసే దారుల సంగతి. పాత కంప్యూటర్లలో కనబడే సింగిల్ లింక్ డీవీఐ మోసేది 16.5 కోట్లు. దాని మీద చిన్న అల్ట్రావైడ్ 2560 × 1080 కూడా 60 హెర్ట్జ్‌లో మామూలుగా నడవదు, దానికే 18 కోట్లు దాటి కావాలి. 2009 నాటి హెచ్‌డీఎమ్‌ఐ 1.4 పరిమితి 34 కోట్లు. 2013లో వచ్చిన హెచ్‌డీఎమ్‌ఐ 2.0కి అది 60 కోట్లు. డిస్‌ప్లే పోర్ట్ 1.2 మామూలు రంగుల్లో 72 కోట్లు మోస్తుంది, 1.4 అయితే 108 కోట్లు.

హెచ్‌డీఎమ్‌ఐ 1.4కి 34 ఉంది, మనకి కావాల్సింది 32, సరిపోవాలి కదా అంటారు. కాగితం మీద సరిపోతుంది. చాలామంది చిక్కుకునేది ఇక్కడే కాబట్టి కాస్త ఆగి చూద్దాం. ప్రమాణం 34 కోట్లకి అనుమతిస్తుంది గానీ, ప్రతి యంత్రమూ అంత మోయాలని నియమం లేదు. ఇంటెల్ కోర్ ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్, 2019లో పదో తరం ఐస్ లేక్ చిప్‌లు వచ్చేదాకా, హెచ్‌డీఎమ్‌ఐ మీద నేరుగా 30 కోట్లు దాటి పంపలేదు. కంపెనీ విడిగా ఇంకో చిప్ అమర్చిన మోడళ్లే మినహాయింపు. 32 కావాల్సిన చోట 30 ఉంది. ఆ రెండు కోట్ల తేడా వల్ల కంప్యూటర్ 60 హెర్ట్జ్‌ని జాబితాలోంచి తీసేస్తుంది. కొన్ని కంప్యూటర్లు 50 హెర్ట్జ్ ఇస్తాయి, కొన్ని 30కి దిగుతాయి, కొన్ని ఏకంగా 2560 × 1080కో 1920 × 1080కో జారిపోతాయి. అదే ల్యాప్‌టాప్‌కి డిస్‌ప్లే పోర్ట్ కూడా ఉంటే, దాని మీదుగా అదే తెర 60 హెర్ట్జ్‌లో హాయిగా నడుస్తుంది. అనకాపల్లిలో ఇళ్లలోనూ షాపుల్లోనూ ఆ నాటి పాత ల్యాప్‌టాప్‌లు ఇంకా బోలెడు పని చేస్తున్నాయి. ల్యాప్‌టాప్‌ని పక్కన పడేయమని ఎవరైనా చెబితే, ముందు దాని పక్కల ఇంకే సాకెట్ ఉందో చూసుకోండి.

49 అంగుళాల 5120 × 1440 తెరకైతే 60 హెర్ట్జ్‌కే సుమారు 47 కోట్లు కావాలి. హెచ్‌డీఎమ్‌ఐ 1.4తో ఆశ పెట్టుకోకండి.

దారి వెంట నడవండి

గ్రాఫిక్స్ చిప్‌లో పుట్టిన బొమ్మ సాకెట్, కన్వర్టర్, కేబుల్, మానిటర్ సాకెట్ దాటుకుని తెర మీదకి వస్తుంది. వీటిలో అన్నిటికంటే తక్కువ మోసేది ఎంత మోస్తే మీకు అంతే అందుతుంది. కాబట్టి కంప్యూటర్ వైపు నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ రావాలి.

డెస్క్‌టాప్ అయితే క్యాబినెట్ వెనక్కి వెళ్లండి. పైన నిలువుగా ఉన్న సాకెట్ల వరస మదర్‌బోర్డుది. కింద అడ్డంగా ఉన్న వరస గ్రాఫిక్స్ కార్డుది. వేలు పోసి కార్డు వేయించుకుని, కేబుల్ మాత్రం మదర్‌బోర్డుకి గుచ్చి ఏళ్లు గడిపేసేవాళ్లున్నారు. ఇంకొకటి, కొత్తగా విండోస్ వేసిన కంప్యూటర్‌లో డివైస్ మేనేజర్ తెరిచి డిస్‌ప్లే అడాప్టర్స్ కింద మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉందేమో చూడండి. ఉంటే అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ వేయలేదని అర్థం. అది వేసేదాకా మిగతా ప్రయత్నాలన్నీ దండగ.

ల్యాప్‌టాప్ అయితే టైప్-సీ సాకెట్ దగ్గర జాగ్రత్త. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. కొన్ని ఛార్జింగ్‌కీ డేటాకీ మాత్రమే, కొన్ని బొమ్మ కూడా పంపుతాయి. పక్కన మెరుపు గుర్తు ఉంటే థండర్‌బోల్ట్, బొమ్మ వస్తుంది. డీ, పీ అక్షరాలు కలిపిన గుర్తు ఉన్నా వస్తుంది. ఏ గుర్తూ లేకపోతే ఆ మోడల్ వివరాల్లో డిస్‌ప్లే పోర్ట్ ఆల్ట్ మోడ్ అన్న మాట ఉందేమో చూడండి. ఫోన్ ఛార్జర్‌తో వచ్చిన టైప్-సీ కేబుల్ తీసుకొచ్చి మానిటర్‌కి గుచ్చవద్దు. వాటిలో చాలావాటికి బొమ్మ మోసే తీగలే ఉండవు.

తర్వాత హబ్బు. ల్యాప్‌టాప్‌లు పలచనయ్యాక ఒక టైప్-సీ హబ్బు ప్రతి బ్యాగులోనూ చేరింది. దాని వెనక 4కె 30 హెర్ట్జ్ అని సన్నటి అక్షరాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే లోపలి కన్వర్టర్ 30 కోట్ల దగ్గరే ఆగిపోతుంది. మీ తెరకి 60 హెర్ట్జ్ రాదు. 4కె 60 హెర్ట్జ్ అని ఉన్నదే కొనండి. అంతకంటే మంచి పద్ధతి, మధ్యలో హబ్బే లేకుండా టైప్-సీ నుంచి నేరుగా డిస్‌ప్లే పోర్ట్‌కి వెళ్లే ఒక్క కేబుల్. నన్నడిగితే వెడల్పు తెర కొన్నవాళ్లు మొదట పెట్టాల్సిన ఖర్చు ఇదే. ఒక పక్క డిస్‌ప్లే పోర్ట్, మరో పక్క హెచ్‌డీఎమ్‌ఐ ఉన్న కేబుళ్లు ఎక్కువగా ఒకే దిశలో పని చేస్తాయి. డిస్‌ప్లే పోర్ట్ వైపు కంప్యూటర్‌కీ, హెచ్‌డీఎమ్‌ఐ వైపు మానిటర్‌కీ ఉండాలి. తిప్పి పెడితే బొమ్మ రాదు, దానికి వేరే కన్వర్టర్ కావాలి.

కేబుల్ గురించి ఎక్కువ చెప్పను. మానిటర్ పెట్టెలో వచ్చినదాన్నే వాడండి, డీటీహెచ్ బాక్సుతో వచ్చిన పాతది కాదు. రెండు మీటర్లు దాటకుండా చూసుకోండి. తెర మధ్యమధ్యలో ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వస్తుంటే ముందు అనుమానించాల్సింది కేబుల్‌నే.

ఇక మానిటర్. దాని కింద అంచున ఉన్న మీటలు నొక్కి మెనూలోకి వెళ్లండి. చాలామంది అటు వెళ్లరు, వెలుతురు తగ్గించుకోవడానికి తప్ప. మూడు చోట్ల చూడాలి. కొన్ని మోడళ్లలో హెచ్‌డీఎమ్‌ఐ వెర్షన్ 1.4 అనో, డిస్‌ప్లే పోర్ట్ వెర్షన్ 1.1 అనో ఫ్యాక్టరీ నుంచే పెట్టి పంపుతారు, పాత కంప్యూటర్లతో గొడవ రాకుండా. దాన్ని 2.0కో 1.2కో పెంచండి. రెండోది పిక్చర్ బై పిక్చర్, అంటే రెండు కంప్యూటర్ల బొమ్మలు పక్కపక్కన చూపే సదుపాయం. ఎవరో దాన్ని ఆన్ చేసి వదిలేస్తే 3440 తెర తనని తాను 1720 తెరగా కంప్యూటర్‌కి చెప్పుకుంటుంది. కంప్యూటర్ నమ్ముతుంది, వేరే దారి లేదు దానికి. మూడోది యాస్పెక్ట్ రేషియో. అది పిక్సెళ్లని పెంచదు గానీ, బొట్టు సాగడానికి కారణం కావచ్చు.

తనని తాను చెప్పుకోవడం అన్నాను కదా, అది నిజంగానే జరుగుతుంది. తగిలించగానే మానిటర్ తన వివరాల జాబితా ఒకటి కంప్యూటర్‌కి పంపుతుంది. సాంకేతికంగా ఈడీఐడీ అంటారు. మొదటి భాగం 128 బైట్లు. నా అసలు రిజల్యూషన్ ఎంత అన్నది అందులో ఉంటుంది. ఈ పద్ధతి పుట్టిన రోజుల్లో ఇంత వెడల్పు తెరలు వస్తాయని ఎవరూ అనుకోలేదు. వెడల్పు రాసే గడిలో 12 బిట్లే పెట్టారు. అందులో పట్టే పెద్ద అంకె 4095. 3440 పడుతుంది, 3840 పడుతుంది, 5120 పట్టదు. అందుకే 49 అంగుళాల తెరలు ఆ అంకెని తర్వాతి అదనపు భాగంలో రాసి పంపుతాయి. మధ్యలో ఉన్న పాత కన్వర్టరో, రెండు కంప్యూటర్లకి ఒకే తెర కలిపే స్విచ్చో మొదటి 128 బైట్లే దాటించి మిగతాది మింగేస్తే, కంప్యూటర్‌కి 5120 అన్న అంకె ఎప్పటికీ తెలియదు. మీరు సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా అది కనబడదు. అలాంటప్పుడు మధ్య సామాను అంతా తీసేసి నేరుగా ఒక్క కేబుల్‌తో కలిపి చూడండి. కొన్నిసార్లు కంప్యూటర్ ఆ జాబితాని సగం చదివి ఆగిపోతుంది. మానిటర్ ప్లగ్ గోడ నుంచి తీసి, ఒక నిమిషం ఆగి మళ్లీ పెడితే కొత్తగా చదువుకుంటుంది.

కంప్యూటర్ లోపల

విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే అని వెళితే రిజల్యూషన్ కనబడుతుంది. అక్కడితో ఆగకండి. ఇంకాస్త కిందకి వెళ్లి అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరవండి. అక్కడ రెండు అంకెలు ఉంటాయి. డెస్క్‌టాప్ మోడ్ ఒకటి, యాక్టివ్ సిగ్నల్ మోడ్ ఒకటి. కేబుల్ మీద నిజంగా వెళుతున్నది రెండోది. పైన 3440 అని, కింద 1920 అని ఉంటే సమస్య తీరలేదని గ్రహించండి. రిఫ్రెష్ రేటు కూడా అక్కడే ఎంచుకోవచ్చు. స్కేల్ అని ఇంకో అంకె ఉంటుంది, 100 శాతం, 125 శాతం అని. అది అక్షరాల సైజు మాత్రమే, రిజల్యూషన్‌కి సంబంధం లేదు. అక్షరాలు చిన్నగా ఉన్నాయని ఇంట్లో పెద్దవాళ్లు అంటే స్కేల్ పెంచండి. రిజల్యూషన్ తగ్గించకండి.

అదే పేజీలో కలర్ ఫార్మాట్ అని ఒక వరస కనబడవచ్చు. ఆర్జీబీ అనో 4:4:4 అనో ఉంటే మంచిదే. 4:2:0 అని ఉంటే, దారి ఇరుకై రంగుల వివరం సగానికి పైగా కోసి పంపుతున్నారని అర్థం. సినిమా చూస్తే తెలియదు. పసుపు రంగు శుభలేఖ మీద ఎర్రటి తెలుగు అక్షరాలు పెట్టి చూడండి, అంచులు చెదిరి కనబడతాయి. డిజైన్ పని చేసేవాళ్లు దీనికి ఒప్పుకోకూడదు. హెర్ట్జ్ కొంత తగ్గించుకుని అయినా పూర్తి రంగు తెచ్చుకోవాలి.

మ్యాక్‌లో సెట్టింగ్స్‌లోని డిస్‌ప్లేస్ దగ్గర అడ్వాన్స్‌డ్ నొక్కి, రిజల్యూషన్లని జాబితాగా చూపమని చెబితే దాచిపెట్టినవి బయటకి వస్తాయి. 2020 నాటి ఎమ్‌1 మ్యాక్‌బుక్ ఎయిర్ బయటి తెర ఒక్కదాన్నే నడుపుతుంది. కాబట్టి రెండు మామూలు తెరలకంటే ఒక వెడల్పు తెర దానికి సరిగ్గా సరిపోతుంది. లైనక్స్‌లో ఎక్స్11 వాడేవాళ్లకి సీవీటీ, ఎక్స్‌ర్యాండర్ అనే రెండు ఆదేశాలు చాలు. మొదటిది కావాల్సిన మోడ్ లెక్క కట్టి ఇస్తుంది, రెండోది దాన్ని తెరకి జోడిస్తుంది.

విండోస్‌లోనూ ఆ సదుపాయం ఉంది. ఎన్‌విడియా, ఏఎమ్‌డీ, ఇంటెల్ మూడింటి కంట్రోల్ ప్యానెళ్లలోనూ కస్టమ్ రిజల్యూషన్ పెట్టుకునే చోటు ఉంటుంది. జాబితాలో 3440 × 1440 లేకపోతే మనమే రాయవచ్చు. 60తో మొదలుపెట్టకండి. ముందు 30 పెట్టి చూడండి, వస్తే 50, తర్వాత 55, ఆ తర్వాత 60. ఎక్కడో తెర నల్లబడుతుంది. కంగారు పడి కరెంటు ఆపేయకండి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మోడ్ మార్చినప్పుడు, ఉంచమంటారా అని విండోస్ అడుగుతుంది. మీరు జవాబివ్వకపోతే 15 సెకన్లలో పాత బొమ్మకి తిరిగి వస్తుంది. ఈ కస్టమ్ రిజల్యూషన్ చిట్కాని చివరికి ఎందుకు పెట్టానంటే, చాలామంది దీనితోనే మొదలుపెట్టి గంటలు పోగొట్టుకుంటారు. దారిలో 4కె 30 హెర్ట్జ్ హబ్బు ఉంటే లోపల ఏం రాసినా 60 రాదు.

ఇన్ని సంగతులు చెప్పాక పద్ధతి ఒక్కటే. ఒకసారికి ఒక్కటే మార్చండి. కేబుల్, హబ్బు, డ్రైవర్ మూడూ ఒకేసారి మార్చేసి బొమ్మ వస్తే సంతోషమే గానీ, దోషం ఎక్కడుందో తెలియదు. పనికొచ్చే పాత హబ్బుని చెత్తలో వేస్తారు, పాడైన కేబుల్‌ని తమ్ముడికి ఇస్తారు. ఒక కాగితం తీసుకోండి. ఏ సాకెట్, ఏ కేబుల్, యాక్టివ్ సిగ్నల్ ఎంత, హెర్ట్జ్ ఎంత అని నాలుగు గళ్లు గీయండి. ఒక్కో మార్పుకి ఒక్కో వరస రాయండి. రాస్తున్నకొద్దీ మనసు కుదుటపడుతుంది, చిరాకు తగ్గుతుంది. కొందరికి ఈ అలవాటు ఒక్క తెర దగ్గర మొదలై వ్యాపారం దాకా పాకుతుంది, అది నేను చూశాను.

అన్నీ చూశాక కూడా 50 హెర్ట్జ్ దగ్గరే ఆగితే? లెక్కల పనికి, ఆల్బమ్ పనికి, కోడ్ రాసుకోవడానికి 3440 × 1440 దగ్గర 50 హెర్ట్జ్ చాలు. కంటికి ఇబ్బంది ఉండదు. నిశ్చింతగా వాడుకోండి. ఇది సర్దుకుపోవడం కాదు, మీ యంత్రం మోసేది 30 కోట్లని లెక్క కట్టి తెలుసుకుని తీసుకున్న నిర్ణయం. 30 హెర్ట్జ్ మాత్రం వద్దు. మౌస్ బాణం వెనకబడి, సాయంత్రానికి తలనొప్పి తెస్తుంది. గేములు ఆడే పిల్లలకి 144 హెర్ట్జ్ కావాలంటే ఈ రిజల్యూషన్‌లో అది సుమారు 80 కోట్లు. డిస్‌ప్లే పోర్ట్ 1.4 చూసుకోండి.

ఇంకా కొననివాళ్లకి ఒక సలహా. 34 అంగుళాల్లో 2560 × 1080 తెరలు చవగ్గా దొరుకుతాయి. తెలుగు చదివే పని ఉన్నవాళ్లు అవి తీసుకోకండి. అంగుళానికి 82 పిక్సెళ్లే ఉంటాయి, ఒత్తులు మెట్లు మెట్లుగా కనబడతాయి. అదే సైజులో 3440 × 1440 అయితే 110 ఉంటాయి. డబ్బు చాలకపోతే 2560 × 1080ని 29 అంగుళాల్లో తీసుకోండి, 96 వస్తాయి, బాగానే ఉంటుంది. కొనడానికి విశాఖపట్నం వెళుతుంటే ల్యాప్‌టాప్, హబ్బు, కేబుల్ వెంట తీసుకెళ్లండి. షాపులోనే తగిలించి అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిపించి, యాక్టివ్ సిగ్నల్ చూసుకున్నాకే డబ్బు కట్టండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే వాపసు గడువు దాటేలోపు ఈ పరీక్షలన్నీ పూర్తి చేయండి. అప్పటిదాకా పెట్టె పారేయకండి.

అమ్మే అన్నదమ్ములకి కూడా ఒక మనవి. మీ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఈ కోట్ల లెక్క తెలియదు. పెట్టె మీద అంకె చూసి, మీ మాట నమ్మి కొంటారు. బిల్లు రాసే ముందు వాళ్ల కంప్యూటర్ ఏదో అడగండి, దానికి సరిపడే కేబుల్ ఇవ్వండి, ఆ అంకె తెర మీద ఒక్కసారి చూపించి పంపండి.